జాన్ పెట్రూచి గిటార్‌ను ఏ పాటతో మొదలుపెట్టి వినాలి

ప్రోగ్రెసివ్ మెటల్ (బరువైన గిటార్ ధ్వనితో, క్లిష్టమైన నిర్మాణంతో సాగే రాక్ సంగీతం) వాయించే అమెరికా బృందం డ్రీమ్ థియేటర్ గిటారిస్టు జాన్ పెట్రూచి పేరు విని, ఆయన సంగీతం ఎలా ఉంటుందో చూద్దామనుకునే శ్రోతకు సాధారణంగా మొదట ఎదురయ్యేది ఆయన వేగం. తెలిసినవాళ్లు ఆయన వాయించిన వాటిలో అతి కష్టమైన ముక్కను ఏరి వినిపిస్తారు. ఒక నిమిషంలో వందల స్వరాలు, ఒక్కటీ తడబడకుండా, ప్రతిదీ విడివిడిగా మీటినట్టు వినిపించే ఆ ముక్క విన్న కొత్త శ్రోత ఆశ్చర్యపోతాడు, రెండోది విన్నప్పుడు ఆశ్చర్యం కొంత తగ్గుతుంది, మూడోది ముగియకముందే అలసిపోతాడు. ‘వేగం ఉంది, మనసుకు పట్టేది మాత్రం లేదు’ అన్న అభిప్రాయం చాలామందిలో అలాగే స్థిరపడింది. ఇది పెట్రూచికి అన్యాయం చేసే అభిప్రాయం. దానికి కారణం ఆయన సంగీతంలో ఉన్న లోపం కన్నా, దానిలోకి అడుగుపెట్టిన ద్వారంలోని లోపమే ఎక్కువ.

పెట్రూచి ప్రధానంగా పాటలు కట్టే మనిషి. 1967లో పుట్టి, న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలండ్‌లో పెరిగి, చిన్ననాటి స్నేహితుడైన బేస్ గిటారిస్టు జాన్ మ్యుంగ్‌తో కలిసి 1985లో బోస్టన్‌లోని బర్క్లీ సంగీత కళాశాలలో చేరి, అక్కడ డ్రమ్మర్ మైక్ పోర్ట్‌నోయ్‌ని కలిసి బృందం కట్టిన నాటినుంచి నేటివరకు, ఆయన సోలోల్లో (గిటార్ ఒక్కటే ముందుకొచ్చి వాయించే భాగాల్లో) అత్యధిక భాగం ఒక పాట మధ్యలో, ఆ పాట అవసరాన్నిబట్టి పుట్టినవే. అనేక పాటలకు సాహిత్యం కూడా ఆయనదే. కాబట్టి సోలోను పాటలోంచి కోసి తీసి వినడమంటే, కచేరీలో రాగాలాపన, కృతి అన్నీ వదిలేసి చివరి స్వరకల్పనలోని ముక్తాయింపును మాత్రం వినడంలాంటిది. లెక్క సరిపోయిందని తెలుస్తుంది, అది ఎందుకు అక్కడికి చేరిందో తెలియదు.

అందువల్ల మొదటి పాటగా సూచించదగినది 1999లో వచ్చిన ‘మెట్రోపొలిస్ పార్ట్ 2: సీన్స్ ఫ్రమ్ ఎ మెమరీ’ ఆల్బమ్‌లోని ‘ద స్పిరిట్ క్యారీస్ ఆన్’. ఆ ఆల్బమ్ మొత్తం ఒకే కథ. నికొలస్ అనే యువకుడు హిప్నాసిస్ ద్వారా గతంలోకి వెళ్లి, 1928లో హత్యకు గురైన విక్టోరియా అనే యువతి జీవితమే తన పూర్వజన్మ అని తెలుసుకుంటాడు. మరణం తర్వాత ఏముంది అన్న భయం అతనిని వదిలిపోయే చోట ఈ పాట వస్తుంది. దాదాపు ఆరున్నర నిమిషాల ఈ పాట చాలా నెమ్మదిగా, గాయకుడు జేమ్స్ లాబ్రీ గొంతు చుట్టూ పలచని వాద్యాలతో మొదలై, మెల్లగా నిండుతూ పోతుంది. సోలో వచ్చేసరికి శ్రోతకు ఆ స్వరాల వరస పరిచితమై ఉంటుంది. గిటార్ అప్పుడు కొత్తగా ఏదో ప్రదర్శించదు. గొంతు ఆపినచోట అందుకుని, అవే భావాలను మాటలు లేకుండా కొనసాగిస్తుంది.

ఈ సోలోలో మొదట గమనించవలసింది పొడవైన స్వరాలు. పెట్రూచి ఒక తీగను మీటి, ఎడమచేతి వేళ్లతో దాన్ని పక్కకు లాగి, కింది స్వరం నుంచి పై స్వరానికి జారుస్తాడు. గిటార్ వాళ్లు దీన్ని బెండ్ అంటారు. వీణ విన్న చెవికి ఇది కొత్త విషయం కాదు, ఎందుకంటే మెట్టు మీద తీగను పక్కకు లాగి గమకం పలికించడం వీణలో నిత్యం వినేదే. అయితే వీణలో ఆ లాగుడు రాగ స్వరూపాన్నే నిర్ణయిస్తే, ఇక్కడ అది స్వరానికి గొంతు లక్షణం ఇస్తుంది. లాగిన స్వరం సరిగ్గా శ్రుతిలో చేరిన తర్వాత దాన్ని సమానమైన ఊపుతో కంపింపజేయడం, ఆ కంపనం ఎంత వెడల్పుగా ఉండాలో ఎంతసేపు ఉండాలో తేల్చుకోవడం, వేగంగా వాయించడం కన్నా కష్టమైన పని. పెట్రూచిని గొప్ప వాద్యకారుడిగా నిలబెట్టేది ఇదేనన్నది ఈ వ్యాసపు వాదన. సోలో చివరికి వేగం కూడా వస్తుంది, కానీ అది ఆ పొడవైన స్వరాల మధ్య ఊపిరి పీల్చినంతసేపు మాత్రమే ఉంటుంది. దాని తర్వాత బృందగానం కలిసి పాట శిఖరానికి చేరుతుంది. ఆ శిఖరానికి శ్రోతను మోసుకువెళ్లినది గిటారే. ఈ పాట సాహిత్యం కూడా పెట్రూచిదేనని తెలిసినప్పుడు, మాటలకూ తీగకూ మధ్య అతుకు ఎందుకు కనిపించదో అర్థమవుతుంది.

ఇదే ఆల్బమ్‌లో ఈ పాటకు కాస్త ముందు ‘ద డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’ అనే ఆరు నిమిషాల వాద్య రచన ఉంది. పెట్రూచి పేరు చెప్పగానే చాలామంది కొత్తవారికి వినిపించేది దీన్నే. తాళం నూరుకు పైగా సార్లు మారుతుందని చెప్పుకునే రచన ఇది. దీన్ని మొదట వినకూడదనడానికి కారణం కష్టం ఒక్కటే కాదు. దీనిలోని అనేక ముక్కలు 1992 నాటి ‘మెట్రోపొలిస్ పార్ట్ 1’ పాటలోంచి తీసి, విరిచి, తిప్పి అల్లినవి. దీని పేరు సైతం ఆ పాత పాటలోని చివరి మాటలే. పాత పాట తెలియనివారికి ఇది ఒక చిక్కుముడి. తెలిసినవారికి ఎరిగిన ముఖాలు కొత్త వేషాల్లో ఒకదాని వెంట ఒకటి ఎదురుపడే సంబరం. ఒకే రచన రెండు విధాలుగా వినిపించడానికి మధ్యలో కావలసింది ఒక్క పాట పరిచయం. దీన్ని వాయిదా వేయడం శ్రోతకే లాభం.

కాబట్టి రెండో అడుగు ఆ పాత పాట ఉన్న 1992 నాటి ఆల్బమ్ ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’. 1989లో చార్లీ డొమినిచి గాయకుడిగా తొలి ఆల్బమ్ వచ్చినా, బృందాన్ని ప్రపంచానికి పరిచయం చేసినది ఈ రెండోదే. దీనిలోని మొదటి పాట ‘పుల్ మీ అండర్’ ఎనిమిది నిమిషాలకు మించినది అయినప్పటికీ అమెరికా రేడియోలోనూ ఎంటీవీలోనూ మారుమోగింది. బృందం జీవితంలో ఆ స్థాయి రేడియో విజయం అదొక్కటే. 2008లో విడుదల చేసిన తమ పాటల సంకలనానికి పేరు పెట్టేటప్పుడు ‘గ్రేటెస్ట్ హిట్’ అని ఏకవచనం వాడుకున్నది అందుకే. ఈ పాటలో సోలోకన్నా ఎత్తుగడ మీద దృష్టి పెట్టాలి. శుభ్రమైన ధ్వనితో గిటార్ ఒక చిన్న వరసను పదేపదే మీటుతుంది, దాని కింద డ్రమ్స్ పేరుకుంటాయి, తర్వాత అదే చోటికి బరువైన రిఫ్ దిగుతుంది. రిఫ్ అంటే పాటకు వెన్నెముకగా తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ వరస. మొదటిసారి మెటల్ వినేవారికి ఈ నిర్మాణం మెట్టు మెట్టుగా దారి చూపుతుంది.

అదే ఆల్బమ్‌లో ‘అనదర్ డే’ సున్నితమైన పాట. అనారోగ్యంతో ఉన్న తన తండ్రిని తలుచుకుని పెట్రూచి రాసినది. జాజ్ బృందం స్పైరో జైరాకు చెందిన జే బెకెన్‌స్టైన్ దీనిలో సోప్రానో శాక్సఫోన్ వాయించాడు. శాక్సఫోన్ ఊపిరితో పలికే వాద్యం, గిటార్ వేలితో పలికేది. రెండూ ఒకే పాటలో విన్నప్పుడు, పెట్రూచి తన వాక్యాలను ఎక్కడ ఆపుతున్నాడో, ఊదేవాడు ఊపిరి కోసం ఆగినట్టే ఎక్కడ ఖాళీ వదులుతున్నాడో తెలుస్తుంది. వేగానికి పేరుపడిన గిటారిస్టును ఖాళీల కోసం వినడం విచిత్రంగా తోచవచ్చు, కానీ ఆయన శైలికి తాళంచెవి అక్కడే ఉంది.

ఈ రెండూ అలవాటయ్యాక ‘అండర్ ఎ గ్లాస్ మూన్’ వినవచ్చు. దీని సోలో గిటార్ విద్యార్థులకు పాఠ్యభాగంలాంటిది. కుడిచేతి వేలితో ఫ్రెట్ల (గిటార్ మెట్ల) మీద తట్టడం, గిటార్‌కు అమర్చిన ట్రెమొలో కడ్డీని నొక్కి స్వరాన్ని కిందికి దించడం, పిక్‌ను (తీగలు మీటే చిన్న బిళ్లను) తీగల మీదుగా ఒకే ఊపులో ఊడ్చినట్టు నడిపి స్వరాలను వరసగా పలికించడం, ఇవన్నీ దాదాపు ఒక నిమిషం సాగే ఒకే సోలోలో వస్తాయి. అయినా అది పనితనాల జాబితాగా వినిపించదు, ఎందుకంటే ప్రతి కొత్త పద్ధతీ ముందు వచ్చిన వాక్యానికి జవాబుగా వస్తుంది.

ఇక్కడ చాలా పరిచయాలు ఒక విషయం వదిలేస్తాయి. పెట్రూచి గొప్పతనంలో సగం కుడిచేతిలో ఉంది, అది సోలోల్లో కాక రిఫ్‌లలో బయటపడుతుంది. కుడి అరచేతి అంచును బ్రిడ్జి (తీగలు ఆనే భాగం) దగ్గర తీగలకు ఆనించి, ధ్వనిని మూసి, పిక్‌ను కిందికీ పైకీ ఒకే కొలతలో నడపడం మెటల్ గిటార్‌కు ప్రాణం. ఈ మూసిన ధ్వనిలో రెండు స్వరాల మధ్య విరామం కూడా స్వరమంత ఖచ్చితంగా ఉండాలి. ఏ స్వరం ఒక వెంట్రుకవాసి ముందు వచ్చినా డ్రమ్స్‌తో పొసగదు. ఎడమచేతితో స్వరాలను జారవిడిచి వేగం తెచ్చుకునే గిటారిస్టులు ఉన్నారు. పెట్రూచి మాత్రం ప్రధానంగా ప్రతి స్వరాన్నీ పిక్‌తో మీటే పద్ధతిని పట్టుకున్నాడు. అందుకే ఆయన వేగంలో ఒక మృదంగకారుడి చేతి స్పష్టత వినిపిస్తుంది. 1995లో వచ్చిన ‘రాక్ డిసిప్లిన్’ అనే ఆయన పాఠాల వీడియో ఈ పద్ధతిని ఒక తరం గిటార్ విద్యార్థులకు నేర్పింది. లయను కొలిచి వినిపించే మెట్రోనోమ్‌ను పక్కన పెట్టుకుని, నెమ్మదిగా మొదలుపెట్టి, పట్టు చిక్కాకే వేగం పెంచడం ఆ పాఠాల సారం. వర్ణాన్ని మొదటి కాలంలో నిలబెట్టుకున్నాకే రెండో కాలానికి వెళ్లే సాధన తెలిసినవారికి దాన్ని విడమరిచి చెప్పనక్కరలేదు.

ఈ కుడిచేతిని వినడానికి 1994 నాటి ‘అవేక్’ అనువైన ఆల్బమ్. దీనిలో పెట్రూచి ఏడు తీగల గిటార్ అందుకున్నాడు. మామూలు గిటార్‌లోని ఆరు తీగలకు కింద మరొక మంద్ర తీగ చేరడంతో ‘ద మిర్రర్’, ‘లై’ పాటల రిఫ్‌లకు నేలను తాకే బరువు వచ్చింది. ఇవి ఒకదానిలోంచి ఒకటి సాగే జంట పాటలు కనుక కలిపే వినాలి. మొదటిసారి వింటున్నప్పుడు సోలోలను పట్టించుకోకుండా, రిఫ్ ఎక్కడ డ్రమ్స్‌తో కలుస్తోంది, ఎక్కడ విడిపోతోంది అన్నది మాత్రమే చూడడం మంచిది. అదే ఆల్బమ్‌లోని ‘వాయిసెస్’ పాటలో బరువూ పాటా రెండూ కలిసి ఉన్నాయి, దాని సోలో ఆయన ఉత్తమమైన వాటిలో ఒకటి. కీబోర్డు వాద్యకారుడు కెవిన్ మూర్ బృందంలో ఉండగా చేసిన చివరి ఆల్బమ్ ఇది. ఆ చీకటి రంగు మళ్లీ అంత సహజంగా బృందానికి రాలేదు.

తాళాల గురించి కూడా కొత్త శ్రోతలకు ఒక భయం ఉంటుంది. ప్రోగ్రెసివ్ మెటల్ అంటే లెక్కకు అందని తాళాలని ప్రచారం. తెలుగు శ్రోత భయపడవలసిన అవసరం చాలా తక్కువ, ఎందుకంటే ఏడు అక్షరాల మిశ్ర చాపు, అయిదు అక్షరాల ఖండ చాపు మన చెవులకు పుట్టుకతో వచ్చినంత సహజంగా ఉంటాయి. నాలుగేసి లెక్కకు అలవాటుపడిన రాక్ శ్రోతకు ఏడు అనేది ‘ఎనిమిదిలో ఒకటి తగ్గినది’, మనకు అది నిండు తాళం. ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’ ముగింపు పాట ‘లెర్నింగ్ టు లివ్’ ఎత్తుగడను పదిహేను అక్షరాలుగా లెక్కిస్తారు. దాన్ని ఏడూ ఎనిమిదీగా విడదీసి, మిశ్ర చాపు ఒక ఆవర్తం పక్కన ఎనిమిది అక్షరాల ఆవర్తం ఒకటి పెట్టుకున్నట్టు చేత్తో వేసుకుంటే, రెండు మూడు ప్రయత్నాల్లో కుదురుతుంది. కుదిరాక ఆ వరస తూగుతున్నట్టే వినిపిస్తుంది గాని కుంటుతున్నట్టు వినిపించదు. పదకొండు నిమిషాలు దాటే ఈ పాట మధ్యలో నైలాన్ తీగల గిటార్ మీద స్పానిష్ ఛాయలు ఉన్న ఒక భాగం ఉంది. బరువైన ధ్వనికి అలసిన చెవికి అది చెట్టు నీడ.

ఈ తాళాల పద్ధతి నేటికీ సాగుతోంది. 2021 నాటి ‘ఎ వ్యూ ఫ్రమ్ ద టాప్ ఆఫ్ ద వరల్డ్’ ఆల్బమ్‌లో మొదటి పాట ‘ది ఏలియన్’ పదిహేడు అక్షరాల లెక్కతో మొదలవుతుంది. 2022లో ఉత్తమ మెటల్ ప్రదర్శనకు ఇచ్చే గ్రామీ దీనికి వచ్చింది, బృందానికి అదే తొలి గ్రామీ. మంచి పాటే అయినా, పురస్కారం వచ్చిందన్న కారణంతో దీన్ని తొలి పాటగా ఎంచుకోనక్కరలేదు.

వేదిక మీది పెట్రూచిని వినకుండా పరిచయం పూర్తికాదు. 2004 ఏప్రిల్‌లో టోక్యోలోని బుడోకాన్ మందిరంలో బృందం చేసిన ప్రదర్శన అదే ఏడాది ‘లైవ్ ఎట్ బుడోకాన్’గా విడుదలయింది. దానిలో ‘హాలో ఇయర్స్’ను వెతికి వినాలి. 1997 నాటి స్టూడియో రికార్డింగ్‌లో అది ఆరు నిమిషాల లోపు ముగిసే మెత్తని పాట, దానికి ప్రత్యేకంగా గిటార్ శ్రోతలు వచ్చేవారు కారు. బుడోకాన్‌లో అదే పాట తొమ్మిది నిమిషాలు దాటింది, పెరిగిన నిడివిలో ఎక్కువ భాగం గిటార్‌దే. సోలో దాదాపు మౌనంగా మొదలై, ఒక్కొక్క వాక్యానికి కొంచెం స్థాయి పెంచుకుంటూ, తారస్థాయిలో విప్పారి, తిరిగి పాట చేతిలో పెడుతుంది. రెండు రికార్డింగులను ఒకే రోజు వెంటవెంటనే వింటే, ఒక చిన్న పాటలో ఎంత చోటు దాగి ఉందో పెట్రూచి ఎలా కనిపెట్టాడో వినిపిస్తుంది. ఈ వ్యాసంలో సూచించిన వాటన్నిటిలోనూ రెండే వినే వ్యవధి ఉన్నవారు ‘ద స్పిరిట్ క్యారీస్ ఆన్’ తర్వాత వినవలసినది ఇది.

గాత్రం లేని రచనలకు ఇక్కడనుంచి వెళ్లవచ్చు. 1998, 1999 సంవత్సరాల్లో పెట్రూచి, పోర్ట్‌నోయ్, బేస్ వాద్యకారుడు టోనీ లెవిన్, కీబోర్డు వాద్యకారుడు జోర్డన్ రూడెస్ కలిసి ‘లిక్విడ్ టెన్షన్ ఎక్స్‌పెరిమెంట్’ పేరుతో రెండు ఆల్బమ్‌లు చేశారు. జూలియార్డ్‌లో శాస్త్రీయ పియానో చదివిన రూడెస్ ఆ సాన్నిహిత్యంతోనే 1999లో డ్రీమ్ థియేటర్‌లో చేరాడు. తర్వాతి పాతికేళ్లుగా గిటారూ కీబోర్డూ ఒకే వేగంలో ఒకే వరసను జతగా వాయించే పద్ధతి బృందపు ముద్రగా మారడానికి మూలం ఇక్కడే ఉంది. రెండో ఆల్బమ్‌లోని ‘ఆసిడ్ రెయిన్’ ఉరుములా ఉంటే, మొదటిదానిలోని ‘స్టేట్ ఆఫ్ గ్రేస్’ పెట్రూచి, రూడెస్ ఇద్దరే వాయించిన ప్రశాంతమైన రచన. ‘స్టేట్ ఆఫ్ గ్రేస్’తో మొదలుపెట్టడమే మేలు.

సొంత పేరు మీద పెట్రూచి రెండే రెండు వాద్య ఆల్బమ్‌లు చేశాడు, ఒకటి 2005లో ‘సస్పెండెడ్ యానిమేషన్’, మరొకటి పదిహేనేళ్ల తర్వాత 2020లో ‘టెర్మినల్ వెలాసిటీ’. 2010లో డ్రీమ్ థియేటర్ వదిలివెళ్లిన పోర్ట్‌నోయ్ ఈ రెండోదానికి డ్రమ్స్ వాయించాడు, 2023లో బృందానికే తిరిగివచ్చాడు, ఆ పునఃకలయికలో చేసిన ‘పారాసోమ్నియా’ 2025 ఫిబ్రవరిలో వచ్చింది. గిటారిస్టు పేరున్న ఆల్బమ్‌లు కనుక వీటితోనే మొదలుపెట్టాలన్నది సహజమైన ఆలోచన. అయినా ఆ సలహా ఇవ్వడానికి మనసొప్పదు. గొంతు లేనప్పుడు ఆ చోటంతా గిటారే నింపాలి, అలా నింపడంలో పెట్రూచి సమర్థుడే గాని, తనకు ఎదురుగా ఒక గాయకుడు, ఒక కథ, ఒక బరువు ఉన్నప్పుడు వాయించేంత పొదుపుగా ఇక్కడ వాయించడు. తొలి ఆల్బమ్‌లోని ‘గ్లాస్గో కిస్’ ఉల్లాసంగా, నోటితో కూనిరాగం తీయగల వరసతో ఉంటుంది. ‘లాస్ట్ వితౌట్ యూ’, రెండోదానిలోని ‘అవుట్ ఆఫ్ ద బ్లూ’ నెమ్మదైనవి. ఈ మూడింటితో మొదలుపెట్టి మిగతావాటికి వెళితే ఆల్బమ్‌లు తెరుచుకుంటాయి.

కొన్నిటిని తీరికగా వాయిదా వేయవచ్చు. 2003 నాటి ‘ట్రెయిన్ ఆఫ్ థాట్’ ఆయన చేసిన అతి బరువైన, అతి వేగమైన పనుల్లో ఒకటి. దానిలో పదకొండు నిమిషాల వాద్య రచన ‘స్ట్రీమ్ ఆఫ్ కాన్షస్‌నెస్’ మాత్రం ముందే వినదగినది, ఎందుకంటే ఒకే ప్రధాన వరస రూపం మార్చుకుంటూ తిరిగిరావడం దానిలో స్పష్టంగా తెలుస్తుంది. మిగతా ఆల్బమ్ ధ్వని ఎడతెరిపి లేనిది, అలవాటు లేని చెవిని మూసేస్తుంది. రెండు డిస్కుల నిడివిలో సాగే 2016 నాటి ‘ది అస్టోనిషింగ్’ సంగీత నాటకంలాంటిది, గిటార్ కోసం వచ్చినవారికి దానిలో దొరికేది తక్కువ.

చివరిగా, 2011 నాటి ‘ఎ డ్రమాటిక్ టర్న్ ఆఫ్ ఈవెంట్స్’లోని ‘బ్రేకింగ్ ఆల్ ఇల్యూజన్స్’. పోర్ట్‌నోయ్ వెళ్లిపోయి, డ్రమ్మర్ మైక్ మాంజినీ కొత్తగా వచ్చి, నిర్మాణ బాధ్యత పెట్రూచి ఒక్కడి మీద పడిన ఆల్బమ్ అది. పన్నెండు నిమిషాలు దాటే ఈ పాట నడుమ అన్నీ సద్దుమణిగి, గిటార్ బ్లూస్ ఛాయతో, ఒక్కో స్వరం వెదుక్కుంటున్నట్టు మొదలవుతుంది. చాలాసేపు తొందరపడదు. బృందం కింద నుంచి కొద్దికొద్దిగా పైకి లేపుతుంటే స్వరాలు చిక్కబడి, లయ బిగుసుకుని, కొత్తవారిని భయపెట్టే ఆ వేగం చివరికి దానంతటదే వస్తుంది. ఈ పాటను విన్నాక ‘మెట్రోపొలిస్ పార్ట్ 1’ను మరొకసారి విని, ఆ వెంటనే ‘ద డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’ని పెట్టుకోవచ్చు.